తొట్టిలో ఆగిన పొట్టు, కంప్యూటరులో కట్టిన లెక్క

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. పంట వ్యర్థాలను గ్యాసిఫైయర్‌లోకో బాయిలర్‌లోకో ఆటంకం లేకుండా పంపడం ఎలా, ఆ పంపకాన్ని ముందే కంప్యూటరులో నమూనా కట్టి చూసుకుంటే దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఆ విషయం. గ్యాసిఫైయర్ అంటే పొట్టు వంటి వ్యర్థాలను చాలీచాలని గాలిలో కాల్చి మండే వాయువుగా మార్చే యంత్రం. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దది. తక్కినవి దానిని ఆనుకొని ఉన్నాయి కనుక వరుసగా చదవవలసిందని మనవి.

ప్రశ్న: ఆదోని దగ్గర మాకు వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు ఉంది. కరెంటు ఖర్చు తగ్గుతుందని రెండేళ్ల కిందట పొట్టుతో నడిచే గ్యాసిఫైయర్ పెట్టించాము. ఎండాకాలంలో బాగానే నడుస్తుంది. వానలు మొదలైతే మాత్రం తొట్టి నిండా పొట్టు ఉన్నా కిందికి దిగదు; ఒక మనిషి పైన నిలబడి గడకర్రతో పొడుస్తూనే ఉండాలి. అమర్చినవారిని అడిగితే, కంప్యూటరులో మోడల్ చేసి చూసిన తరువాతే తొట్టి తయారు చేశామని, డిజైనులో లోపమేమీ లేదని అంటున్నారు. తప్పు కంప్యూటరు చెప్పిందా, వాళ్లు చెబుతున్నారా?
– మిల్లు యజమాని, ఆదోని

జవాబు: ముందుగా ఆ గడకర్ర సంగతి. పొట్టు పైన గట్టిపడి నిలిచినప్పుడు దాని కింద ఖాళీ ఏర్పడి, అందులో గాలీ మండే వాయువూ కలిసి నిలిచే అవకాశం ఉంటుంది. మీ గ్యాసిఫైయర్‌లో తయారయ్యే వాయువులో సుమారు ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. పొడిచినప్పుడు ఆ గట్టిపడిన పొట్టు ఒక్కసారిగా కూలితే ఆ వాయువు మనిషి ముఖం మీదికి ఎగదన్నుతుంది, ఒక్కోసారి మంటతో సహా. అందువల్ల తొట్టి మీదికి వంగి పొడిచే పని ఈ రోజే మాన్పించండి. తప్పనిసరైతే ముందు బ్లోయరు, మంట నిలిపి, పక్క నుంచి పొడిచే ఏర్పాటు చేయించుకోండి.

ఇక అసలు ప్రశ్న. నీళ్ల ట్యాంకులో లోతు పెరిగినకొద్దీ అడుగున ఒత్తిడి పెరుగుతుంది. గింజల గాదెలో అలా జరగదు. జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు 1895లోనే దీనిని కొలిచి చూపించాడు: కొంత ఎత్తు దాటిన తరువాత పైన ఎంత పోసినా అడుగున బరువు దాదాపు పెరగదు, ఎందుకంటే ఆ బరువును రాపిడి రూపంలో గోడలు మోస్తాయి. తొట్టి నిండా పోస్తే ఆ బరువుకు పొట్టు దానంతట అదే కిందికి తోసుకుపోతుందని మిల్లుల్లో చాలామంది అనుకుంటారు. నీటి విషయంలో అది నిజం; పొట్టు విషయంలో కాదు.

అందులోనూ వేరుశనగ పొట్టు సామాన్యమైన సరుకు కాదు. ఒక గుప్పెడు కందులు తీసుకొని వేళ్లు సడలించండి, అన్నీ జారిపోతాయి. ఒక గుప్పెడు పొట్టు తీసుకొని, కొంచెం నొక్కి, అరచేతిని నెమ్మదిగా తెరవండి. చాలా భాగం చేతి ఆకారంలోనే నిలబడి ఉంటుంది. కారణం ఆ డొప్పల ఆకారమే. ప్రతి డొప్పా చిన్న దోనెలాగా వంగి ఉంటుంది, పైన గరుకు గీతలుంటాయి, అంచులు చిట్లి ఉంటాయి. ఒకదానిలో మరొకటి దొన్నెల దొంతరలాగా ఇమిడిపోతాయి, అంచులు ఒకదానినొకటి పట్టుకుంటాయి. బాగా ఎండిన డొప్ప ఒత్తిడికి విరిగి దారి ఇస్తుంది. చెమ్మ తగిలిన డొప్ప విరగదు, వంగుతుంది, వంగి పక్కదానిని మరింత గట్టిగా పట్టుకుంటుంది. వానాకాలంలో మీ తొట్టి మొండికేయడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

అలా పట్టుకున్న పొట్టు రెండు విధాలుగా ఆగుతుంది. కింది ద్వారం మీద కమాను కట్టి మొత్తంగా ఆగిపోవడం ఒకటి. నడిమి భాగం మాత్రమే దిగి, చుట్టూ ఉన్నది గోడలకు అంటుకొని నిలిచిపోవడం రెండోది. దీనిని ఇంజనీర్లు ఎలుకబొక్క అంటారు, పైనుంచి చూస్తే పేరు సరిగ్గా అతుకుతుంది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆండ్రూ జెనికె 1964లో ప్రచురించిన పరిశోధనతో ఈ రెండింటికీ లెక్క దొరికింది. సరుకుకు సరుకుతో ఉన్న రాపిడి, సరుకుకు గోడతో ఉన్న రాపిడి, ఒత్తిడికి అది ఎంత గట్టిపడుతుంది అనే మూడు కొలతలు తెలిస్తే, గోడ ఎంత వాలుగా ఉండాలో, ద్వారం ఎంత వెడల్పు ఉండాలో ఆయన పద్ధతి చెబుతుంది. సిమెంటు, బొగ్గు, ఖనిజాల తొట్టెలు ఇప్పటికీ ఆ దారిలోనే తయారవుతున్నాయి. అయితే అది సన్నని పొడికి బాగా కుదిరే లెక్క. డొప్పలు, పుల్లలు, నారలు ఉన్న సరుకుకు అది చాలదు కనుకనే కంప్యూటరు నమూనాలు అవసరమయ్యాయి.

ఆ నమూనా చేసే పని ఇది. తొట్టిలోని ప్రతి డొప్పను విడిగా ఒక వస్తువుగా తీసుకుంటుంది. అది పక్కవాటికి తగిలినప్పుడు ఎంత బలంతో తోస్తుందో, ఎంత రాసుకుంటుందో లెక్కకట్టి, న్యూటన్ సూత్రం ప్రకారం మరుక్షణంలో అది ఎక్కడ ఉంటుందో తేలుస్తుంది. లక్షల డొప్పలకు లక్షల సార్లు ఇదే చేస్తుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. కానీ డొప్ప ఆకారం ఏమిటి, దాని రాపిడి ఎంత, చెమ్మ ఎంత అన్నది మనమే దానికి చెప్పాలి. మీకు తొట్టి అమర్చినవారు డొప్పను గుండ్రని గోళీగా తీసుకొని, రాపిడి విలువను ఏదో పాత పట్టిక నుంచి ఎత్తి రాసి ఉంటే, వారి కంప్యూటరు గోళీలు చక్కగా దిగుతాయని నిజమే చెప్పింది. మీ తొట్టిలో ఉన్నవి గోళీలు కావు.

కాబట్టి వారితో వాదానికి దిగకుండా నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగండి. మోడల్‌లో కణం ఆకారం ఏమిటి? రాపిడి విలువలు ఎవరి సరుకు మీద, ఏ రేకు మీద కొలిచినవి? ఎంత చెమ్మ ఉన్నప్పుడు కొలిచారు? నింపిన వెంటనే దించి చూశారా, రాత్రంతా నిలవ ఉన్న తరువాత దించినట్టు కూడా చూశారా? ఈ చివరి ప్రశ్నను చాలామంది మరచిపోతారు. పొద్దున మిల్లు తెరిచిన మొదటి గంటలోనే మీకు ఇబ్బంది ఎక్కువగా ఉంటే, రాత్రి నిలవలో పొట్టు కుదురుకొని గట్టిపడుతోందని అర్థం. మన మిల్లుల్లో పొట్టు దీపావళి తరువాత వస్తుంది, అప్పుడది గలగలలాడుతూ ఉంటుంది. మోడల్‌కు కావలసిన కొలతల కోసం పట్టుకెళ్లేదీ అప్పుడే. అదే పొట్టును ఆరుబయట కుప్ప పోసి, మరుసటి ఏడాది వానలు దాటేవరకు వాడతాము. మోడల్ చూసింది మొదటి పొట్టును, తొట్టి మోస్తున్నది రెండోదానిని.

మీ తొట్టి నాలుగు పలకల గరాటు ఆకారంలో ఉంటే మరో సంగతి కూడా చూసుకోండి. పలకలు నేలకు 60 డిగ్రీల వాలులో ఉన్నా, రెండు పలకలు కలిసే మూల మాత్రం సుమారు 51 డిగ్రీల వాలులోనే ఉంటుంది; ఇది జ్యామితిలోని మాట, ఎవరూ మార్చలేరు. పొట్టు మొదట పేరుకునేది ఆ మూలల్లోనే. మూలలను లోపలినుంచి వంకర రేకుతో గుండ్రంగా పూడ్పించడం వెల్డింగు షాపులో అయ్యే చౌక పని.

కొలతలను మీరే తీసి ఇవ్వవచ్చు. తొట్టికి వాడిన రేకులాంటి ముక్క ఒకటి తీసుకొని, దాని మీద అడుగులేని చెక్క చట్రం పెట్టి, అందులో పొట్టు పోసి, పైన ఒక ఇటుక ఉంచండి. చట్రాన్ని రేకుకు తగలకుండా ఒక వెంట్రుకవాసి పైకెత్తి, రేకును ఒక వైపు నుంచి నెమ్మదిగా లేపుతూ పొట్టు జారిన క్షణంలో వాలు ఎంతో చూడండి. కోణం కొలిచే సాధనం ఇప్పుడు చాలా స్మార్ట్‌ఫోన్లలో దొరుకుతుంది. తరువాత అడుగు కోసేసిన పెయింటు డబ్బాను నేల మీద నిలబెట్టి, నిండా పొట్టు పోసి, డబ్బాను నిట్టనిలువుగా మెల్లగా పైకెత్తండి. మిగిలిన కుప్ప వాలును కొలవండి. రెండు పరీక్షలనూ ఎండు పొట్టుతో ఒకసారి, నీళ్లు చిలకరించి గోనెసంచి కప్పి రాత్రంతా ఉంచిన పొట్టుతో మరోసారి చేయండి. డబ్బా ఎత్తినా పొట్టు కూలకుండా డబ్బా ఆకారంలోనే నిలబడిందంటే మీ వానాకాలపు తొట్టిలో జరుగుతున్నది కళ్లకు కట్టినట్టే. ఆ ఎనిమిది పది అంకెలు చేతికిచ్చి మోడల్‌ను మళ్లీ నడపమనండి. నా ఉద్దేశంలో లోపం ద్వారం వెడల్పులో బయటపడుతుంది. గుండ్రని ద్వారం అతిపెద్ద కణానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటే చాలన్న పాత లెక్క గింజలకూ రాళ్లకూ పనికివస్తుంది కానీ, ఒకదానినొకటి పట్టుకునే సరుకుకు పనికిరాదు.

ఈలోగా పొట్టును కప్పు కింద ఉంచండి. రాత్రికి తొట్టిని ఖాళీ చేసి పొద్దున నింపుకోండి. ఈ తిప్పలు మీ ఒక్కరివే కావు. అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1980లలో పదుల కొద్దీ కర్మాగారాలను పరిశీలించి, ద్రవాలతో, వాయువులతో నడిచేవాటికంటే ఘన పదార్థాలతో నడిచేవి అనుకున్న ఉత్పత్తిని అందుకోవడానికి ఎక్కువ కాలం తీసుకుంటాయని తేల్చింది. రియాక్టరు (పొట్టు మండే గది) లోపలి నిప్పు మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా తొట్టి మీద పెట్టకపోవడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ప్రశ్న: కడపలో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వేరుశనగ పొట్టును గ్యాసిఫైయర్‌కు అందించే తొట్టిని డీఈఎం పద్ధతిలో మోడల్ చేయాలని ప్రాజెక్టు తీసుకున్నాము. నా ల్యాప్‌టాప్ చాలుతుందా? కణాలను గోళాలుగా తీసుకుంటే తప్పా?
– విద్యార్థిని, కడప

జవాబు: మొదటి జవాబులో చెప్పిన, ప్రతి కణాన్నీ విడిగా లెక్కించే పద్ధతి ఇదే. డిస్క్రీట్ ఎలిమెంట్ మెథడ్ (డీఈఎం) అనే ఈ పద్ధతిని పీటర్ కండల్, ఒటో స్ట్రాక్ 1979లో ఇసుక, మట్టి వంటి సరుకుల కోసం ప్రచురించారు. ల్యాప్‌టాప్ చాలుతుందో లేదో కాగితం మీదే తేల్చుకోవచ్చు. ఒక ఘనపు మీటరు తొట్టిలో వదులుగా పోసిన పొట్టు 100 కిలోలు పడుతుందనుకుందాం. ఒక్కో డొప్ప గ్రాములో ఆరో వంతు తూగుతుందనుకుంటే ఆరు లక్షల డొప్పలు. వంపు తిరిగిన డొప్ప ఆకారం రావడానికి ఒక్కొక్కదానిని 20 చిన్న గోళాలు అతికించి తయారు చేస్తే కోటీ 20 లక్షల గోళాలు. కణాలు ఒకదానిలోకి ఒకటి దూరిపోకుండా ఉండాలంటే కాలాన్ని సెకనులో లక్షో వంతు చొప్పున, ఇంకా సన్నగా కూడా, తరగాలి. అంటే ఒక సెకను కదలికకు లక్ష కాలపు అడుగులు, తొట్టి ఖాళీ కావడానికి గంట పడితే 36 కోట్ల అడుగులు. ఒక్కో అడుగులో కోటీ 20 లక్షల గోళాల తాకిళ్లు. మీ ల్యాప్‌టాప్‌లో ఇది మీ పట్టా వచ్చేలోగా ముగియదు.

అందుకని పని తగ్గించుకునే దారులున్నాయి. మొత్తం తొట్టికి బదులు దానిలోంచి సన్నని నిలువు ముక్కను తీసుకొని, ముందూ వెనకా అంచులు ఒకదానికొకటి కలిసినట్టు అమర్చవచ్చు. కణాల గట్టిదనాన్ని నిజం కంటే తగ్గించి కాలపు అడుగును పెద్దది చేయవచ్చు. తొట్టిలో మెల్లగా దిగే సరుకుకు ఇది పెద్దగా హాని చేయదు. అనేక డొప్పలకు బదులు ఒక పెద్ద డొప్పను పెట్టడం మూడో దారి. దీనిలో మాత్రం జాగ్రత్త కావాలి, ఎందుకంటే కమాను కట్టడం అన్నది కణం పరిమాణానికీ ద్వారం వెడల్పుకూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడింది. కణాన్ని పెంచి ద్వారాన్ని అలాగే ఉంచితే నిజంలో లేని కమానును మీరే కట్టినవారవుతారు.

గోళాల విషయానికి వస్తే, శనగలకూ కందులకూ గోళం చాలు. డొప్పకు చాలదు. గోళాలు దొర్లకుండా దొర్లుడు రాపిడి అనే అదనపు సంఖ్యను తగిలించి సరిపెట్టేవారు ఉన్నారు. కుప్ప వాలు దానితో సరిపోతుంది కూడా. కానీ ఒకదానిలో ఒకటి ఇమిడే గుణం ఏ సంఖ్యతోనూ రాదు. ఇంకొక చిక్కు ఏమిటంటే, జారుడు రాపిడిని తగ్గించి దొర్లుడు రాపిడిని పెంచినా, దీన్ని తగ్గించి దాన్ని పెంచినా ఒకే కుప్ప వాలు రావచ్చు. అందువల్ల ఒక్క కుప్ప పరీక్షతో మోడల్‌ను సరిచూసుకున్నామని రాస్తే పరీక్షకులు నిలదీయాలి, నిలదీస్తారనే ఆశిస్తాను. కుప్ప, రేకు వాలు, చిన్న అద్దపు తొట్టిలోంచి నిమిషానికి దిగే తూకం – ఈ మూడూ ఒకే విలువలతో సరిపోయినప్పుడే ముందుకు వెళ్లండి.

ప్రాజెక్టుకు ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. ఒకటి సూచిస్తాను. తొట్టి అడుగున స్క్రూ ఫీడరు, అంటే తిరుగుతూ పొట్టును రియాక్టరు వైపు తోసే పొడవాటి స్క్రూ, ఉంటుంది. దాని మరల (చుట్ల) మధ్య దూరం మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉంటే, తొట్టి వెనక భాగంలోనే ఆ మరలు నిండిపోతాయి. నిండిన మర ముందుకు వస్తున్నప్పుడు పైనున్న పొట్టుకు అందులో చోటుండదు. దానితో తొట్టి వెనక భాగం మాత్రమే దిగుతుంది, ముందు భాగం నెలల తరబడి అలాగే ఉండి కుళ్లుతుంది. మరల దూరాన్ని ముందుకు పోయేకొద్దీ పెంచితే తొట్టి అంతటా సమంగా దిగుతుంది. ఎంత పెంచాలన్నదే మీ ప్రశ్నగా పెట్టుకోండి. పొట్టును మోడల్‌లో అడ్డ పొరలుగా రంగులు వేసి పోస్తే ఏ రంగు ఎక్కడ వంగుతోందో, ఎక్కడ నిలిచిందో బొమ్మలోనే కనబడుతుంది; నిజమైన తొట్టిలో గోడ చీల్చినా అది కనబడదు. మోడల్ విలువంతా నా దృష్టిలో అక్కడే ఉంది.

రియాక్టరు లోపలి వాయువునూ మంటనూ దీనితో కలిపి ఒకేసారి లెక్కించాలని ఆశపడవద్దు. స్క్రూ నుంచి క్షణక్షణానికి ఎంత పొట్టు పడుతోందో మొదట రాసుకోండి. అది ఎప్పుడూ సమంగా ఉండదు, స్క్రూ తిరిగే ప్రతి చుట్టుకూ ఒక ఎగుడు, ఒక దిగుడు ఉంటుంది. ఆ గీతనే రియాక్టరు మోడల్‌కు లోపలికి వచ్చే సరుకుగా ఇవ్వండి. అమెరికా ఇంధన శాఖకు చెందిన నేషనల్ ఎనర్జీ టెక్నాలజీ లేబొరేటరీ తయారు చేసిన ఎంఫిక్స్ అనే ప్రోగ్రాము ఇలాంటి పనులకు ఉచితంగా దొరుకుతుంది.

ప్రశ్న: పొట్టును బ్రికెట్లుగా నొక్కి వాడితే ఈ మోడళ్ల గొడవే ఉండదు కదా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: చాలావరకు తగ్గుతుంది. బ్రికెట్లు బరువైనవి, ఒకదానిలో ఒకటి ఇమడవు, గోడ మీద జారతాయి. అయితే నొక్కడానికి కరెంటు కావాలి, ముందుగా పొట్టును ఆరబెట్టాలి, వానకు తడిస్తే బ్రికెట్టు ఉబ్బి పొడి పొడిగా రాలిపోతుంది. పైగా లావుపాటి బ్రికెట్లకు పొట్టు కోసం చేసిన ద్వారం చాలదు. పొట్టు పుట్టిన మిల్లులోనే దానిని కాల్చేవారికి ఈ ఖర్చు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. లారీలో దూరం పంపేవారికి గిట్టుతుంది.

ప్రశ్న: మా గ్యాసిఫైయర్‌లో పొట్టు బాగానే దిగుతుంది. తొట్టి నింపిన తరువాత మొదటి గంటలోనే అడుగున గాజులాంటి నల్లగడ్డలు కడతాయి, ఆ తరువాత తగ్గుతాయి. పొట్టు ఒకటే అయినప్పుడు మొదటి గంటలోనే ఎందుకు?
– మెకానిక్, తాడిపత్రి

జవాబు: మీరు గమనించిన ఆ మొదటి గంటలోనే జవాబు ఉంది. బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, నేలలోంచి పెరికిన పంట. కాయ గీతల్లో ఎర్రమట్టి అంటుకొని మిల్లు దాకా వస్తుంది. ఆ మట్టిలోని ఇసుక, పొట్టు బూడిదలోని పొటాషియం వేడిలో కలిసి, విడివిడిగా ఉన్నప్పటికంటే చాలా తక్కువ వేడికే కరిగి గడ్డ కడతాయి. మీరు పొట్టును తొట్టి నడిమధ్యన ఒకే చోట గుమ్మరిస్తూ ఉండి ఉంటారు. అలా పోసినప్పుడు పెద్ద డొప్పలు కుప్ప వాలు మీదుగా దొర్లి గోడల దగ్గరికి చేరతాయి. మట్టి, నుసి డొప్పల సందుల్లోంచి జారి నడిమి స్తంభంలో పోగవుతాయి. మొదటి జవాబులో చెప్పిన ఎలుకబొక్క పద్ధతిలో తొట్టి దిగుతుంటే ఆ నడిమి స్తంభమే ముందు దిగుతుంది. అంటే నింపిన ప్రతిసారీ మట్టి అంతా మొదటి గంటలోనే నిప్పు మీదికి పోతోంది. పెద్ద కణాలు, సన్నని కణాలు కలిపి డీఈఎం నమూనా నడిపితే ఈ వేర్పాటు స్పష్టంగా కనబడుతుంది. కణాలన్నీ ఒకే పరిమాణంలో ఉన్న నమూనాలో ఎన్నటికీ కనబడదు.

పొట్టును తొట్టిలో పోసే ముందు వాలుగా పెట్టిన జల్లెడ మీదుగా జారనివ్వండి. పోసేటప్పుడు ఒకే చోట కాకుండా, పారతో నాలుగు వైపులా తిప్పుతూ పరిచినట్టు పోయండి. నుసి ఎంత పోతోందో చూడడానికి జల్లెడ కింద ఒక గోనెపట్టా వేసి, రోజూ సాయంత్రం తూకం వేసి గోడ మీద రాయండి. కాయలు ఏ ఊరి నుంచి వచ్చాయో దాని పక్కనే రాసుకుంటే, గడ్డలు ఏ సరుకుతో ఎక్కువ కడుతున్నాయో నెల తిరిగేలోగా తెలిసిపోతుంది.